పెప్టైడులు: ఆరోగ్య వినియోగం, భద్రత

నిర్వచనం, పరిధి

రెండు గాని అంతకు మించి గాని అమైనో ఆమ్లాలు వరుసగా ముడిపడి ఏర్పడే గొలుసును పెప్టైడు అంటారు. ఒక అమైనో ఆమ్లపు కార్బాక్సిల్ కొస పక్కదాని అమైనో కొసతో కలిసినప్పుడు మధ్య నుంచి ఒక నీటి అణువు తొలగిపోతుంది. అలా మిగిలిన లంకె పేరు పెప్టైడు బంధం. మాంసకృత్తులకూ (ప్రోటీన్లకూ) ఈ బంధమే ఆధారం. రెంటికీ తేడా పొడవులో ఉంది. గొలుసులో సుమారు 50 లోపు అమైనో ఆమ్లాలుంటే పెప్టైడు అని, ఆపైన ఉంటే ప్రోటీను అని వాడుక. ఈ హద్దు అందరికీ ఒకటి కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 40కి మించిన గొలుసును ప్రోటీనుగానే లెక్కిస్తుంది. 51 అమైనో ఆమ్లాలున్న ఇన్సులిన్‌ను కొన్ని పాఠ్యగ్రంథాలు పెప్టైడు హార్మోను అంటాయి, కొన్ని చిన్న ప్రోటీను అంటాయి.

ఆరోగ్యం, అందం, కండపుష్టి, బరువు తగ్గడం కోసం బయటి నుంచి తీసుకునే పెప్టైడులు ఈ వ్యాసానికి ప్రధాన విషయం. మార్కెట్లో ఈ ఒక్క మాట కిందే నాలుగు వేర్వేరు సరుకులు చలామణి అవుతున్నాయి: వైద్యుడు రాసిచ్చే అనుమతి పొందిన మందులు, పాలలోనో నీళ్లలోనో కలుపుకునే కొలాజెన్ పొడులు, ముఖానికి రాసుకునే సీరములు, మనుషుల వాడకానికి అనుమతి లేని ఇంజెక్షన్ వయల్స్. వీటి మధ్య ఉన్నది రసాయన బంధుత్వం ఒక్కటే. కూరలో వేసే ఉప్పూ లవణమే, చేలకు కొట్టే మైలుతుత్తమూ లవణమే. పెప్టైడు అన్న పేరు కూడా అంతే: ఆ పదార్థం మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఆ పేరు చెప్పదు.

శరీరంలో సహజ పెప్టైడులు

శరీరం తన భాగాల మధ్య కబురు పంపడానికి వాడుకునే అణువుల్లో చాలా భాగం పెప్టైడులే. కాన్పు నొప్పులకు, చనుబాలు చేపడానికి తోడ్పడే ఆక్సిటోసిన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాలుంటాయి. మూత్రం ద్వారా పోయే నీటిని అదుపు చేసే వాసోప్రెసిన్‌లోనూ తొమ్మిదే. ఈ రెంటికీ తేడా రెండు స్థానాల్లో మాత్రమే ఉన్నా చేసే పనులు వేరు. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్-2లో ఎనిమిది, రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు దాన్ని పైకి తెచ్చే గ్లూకగాన్‌లో 29, భోజనం తర్వాత పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1లో 30 ఉంటాయి. కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే గ్లూటాథయోన్ మూడు ఆమ్లాల గొలుసు.

పెప్టైడు వెళ్లి కణం మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ గ్రాహకం కణం లోపలికి సంకేతం పంపుతుంది. తాళానికి తాళంచెవి సరిపోయినట్టు వరుస సరిపోవాలి. ఒక్క ఆమ్లం మారినా పని ఆగిపోవచ్చు, వేరొక పని మొదలుకావచ్చు. పెప్టైడు ఔషధాల బలం ఈ కచ్చితత్వంలోనే ఉంది. తయారీలో చిన్న పొరపాటు కూడా లెక్కలోకి రావడానికి కారణం ఇదే.

చరిత్ర

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్, ఎర్నెస్ట్ ఫూర్నోతో కలిసి 1901లో గ్లైసిల్‌గ్లైసిన్ అనే డైపెప్టైడును తయారుచేశాడు. మరుసటి ఏడు కార్ల్స్‌బాడ్ పట్టణంలో జరిగిన శాస్త్ర సభలో ఫిషర్, ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ ఎవరికి వారుగా మాంసకృత్తులలో అమైనో ఆమ్లాలు ఏ బంధంతో కలిసి ఉంటాయో ప్రతిపాదించారు. పెప్టైడు అన్న పేరు ఫిషర్ పెట్టినది. దాని గ్రీకు మూలానికి జీర్ణమైనది అని అర్థం. అదే 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ చిన్నపేగు నుంచి క్లోమానికి రక్తం ద్వారా కబురు మోసే సెక్రెటిన్‌ను కనుగొన్నారు. హార్మోను అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

పెప్టైడు వైద్యం అసలు మొదలు ఇన్సులిన్‌తోనే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం నుంచి తీసిన సారంతో మధుమేహాన్ని అదుపు చేశారు. 1922 జనవరి 11న లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటి సూది వేస్తే ఆశించిన ఫలితం రాలేదు. సూది వేసిన చోట చీముగడ్డ కట్టింది. జేమ్స్ కాలిప్ ఆ సారాన్ని మరింత శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ సూది వేస్తే రక్తంలో చక్కెర దిగివచ్చింది. పన్నెండు రోజుల తేడాలో మారింది మందు కాదు, దాని శుద్ధత. పెప్టైడుల భద్రత గురించి ఈ వ్యాసంలో తర్వాత చెప్పే విషయాల్లో సగం ఆ రెండు సూదుల మధ్యే ఉన్నాయి (చూ. ఇన్సులిన్).

1950లలో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులిన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను పూర్తిగా తేల్చాడు. ఆ పనికి 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో విన్సెంట్ డు విన్యో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. పెప్టైడు హార్మోనును కృత్రిమంగా కూర్చడం అదే మొదలు. ఆయనకు 1955లో నోబెల్ దక్కింది. అయితే ఒక్కో లంకె కలిపిన ప్రతిసారీ మిశ్రమాన్ని శుద్ధి చేయవలసి రావడంతో పని నెలలు పట్టేది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. గొలుసు మొదటి కొసను చిన్న ప్లాస్టిక్ పూసకు కట్టేసి, ఒక్కొక్క ఆమ్లాన్నే తగిలిస్తూ, మిగులును ద్రావకంతో కడిగేస్తూ పోవడం ఆ పద్ధతి. పూలదండ కట్టేటప్పుడు దారం ఒక కొసను మేకుకు తగిలించుకోవడం వంటిది. ఈ పద్ధతికి 1984లో నోబెల్ వచ్చింది. నేడు అనుమతి పొందిన చాలా పెప్టైడు మందులూ, అనుమతి లేని వయల్స్‌లోని పొడులూ ప్రధానంగా ఈ దారినే తయారవుతున్నాయి.

అదే 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ పెప్టైడు గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో ఒక పటంగా చూపారు. రామచంద్రన్ పటం అని ప్రపంచమంతా పిలిచే ఆ చిత్రాన్ని చూడకుండా నేటికీ ఏ ప్రోటీను నిర్మాణాన్నీ సరిచూడరు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో సూక్ష్మజీవులను చంపే పెప్టైడుల మీద దీర్ఘకాలం పరిశోధనలు జరిగాయి.

తర్వాతి అధ్యాయాన్ని విషజంతువులు రాశాయి. బ్రెజిల్ అడవుల్లోని జరరాకా పాము విషంలో కనిపించిన పెప్టైడులు కాప్టోప్రిల్ అనే బీపీ మాత్రకు దారి తీశాయి. దానికి అమెరికాలో 1981లో అనుమతి వచ్చింది. అమెరికా నైరుతి ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో జాన్ ఎంగ్ అనే వైద్య పరిశోధకుడు ఎక్సెండిన్-4ను గుర్తించాడు. అది మనిషి పేగుల్లోని జీఎల్‌పీ-1 లాగే పనిచేస్తుంది, కాని రక్తంలో చాలాసేపు నిలుస్తుంది. దాని కృత్రిమ రూపం ఎక్సెనటైడ్ 2005లో మధుమేహానికి మందయింది. లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఆ దారిన నడిచి వచ్చినవే.

నోటి దారి, చర్మం దారి, సూది దారి

ఒక పెప్టైడు ఏం చేస్తుందన్నది అది ఏమిటన్న దానితో పాటు శరీరంలోకి ఏ దారిన వెళ్లిందన్న దాని మీద ఆధారపడుతుంది. అనుభవం లేని వినియోగదారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నోటి ద్వారా మింగిన పెప్టైడుకు జీర్ణాశయం అన్నం పప్పుతో పాటు వచ్చిన మరో మాంసకృత్తు లాంటిదే. ఆమ్లమూ ఎంజైములూ కలిసి దాన్ని విడి అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు ఆమ్లాల ముక్కలుగా కోసేస్తాయి. ఇన్సులిన్ మాత్ర నేటికీ వాడుకలోకి రాకపోవడానికి కారణం ఇదే. మినహాయింపులు లేకపోలేదు. అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్ 11 అమైనో ఆమ్లాల వలయం. రెండు కొసలూ కలిసిపోయి ఉండడం వల్ల ఎంజైములకు దాన్ని కోయడం కష్టం. సెమాగ్లుటైడ్ మాత్రలో శోషణను పెంచే పదార్థం కలుపుతారు. అయినా మింగినదానిలో రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే. అందుకే ఆ మాత్రను పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని నీటితో మింగి, కనీసం అరగంట ఏమీ తినకూడదంటారు. కాఫీ తాగి వేసుకుంటే డబ్బు వృథా.

చర్మం పై పొర బయటి పదార్థాలను అడ్డుకునే గోడ. పెద్ద అణువులు దాన్ని దాటలేవు. సీరముల్లో వాడే పెప్టైడులు మూడు నుంచి ఆరు ఆమ్లాల చిన్న గొలుసులుగా, తరచు కొవ్వు తోక తగిలించినవిగా ఉండడానికి కారణం అదే.

సూది ఈ రెండు అడ్డంకులనూ దాటేస్తుంది. శరీరపు కాపలా గోడలను కూడా దాటేస్తుంది. తిన్న పొడిలో కొద్దిగా మలినం ఉంటే జీర్ణకోశం, కాలేయం దాన్ని కొంతవరకు వడకట్టగలవు. చర్మం కిందికి సూదితో ఎక్కించినదానికి ఆ వడపోత లేదు.

రక్తంలోకి చేరాక మరో సమస్య ఉంది. సహజ జీఎల్‌పీ-1లో సగం రెండు నిమిషాల్లోపే విరిగిపోతుంది. సెమాగ్లుటైడ్ గొలుసులో ఎంజైము కోసే చోట వేరే ఆమ్లాన్ని పెట్టారు. దానికి కొవ్వు ఆమ్లపు తోక తగిలించి, రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని తిరిగేలా చేశారు. దాంతో సగం విరగడానికి పట్టే కాలం సుమారు వారానికి పెరిగింది. వారానికి ఒక సూది చాలడం అందువల్లే. దుష్ప్రభావం మొదలైతే అది వెంటనే దిగకపోవడం కూడా అందువల్లే.

ప్రధాన రకాలు

జీఎల్‌పీ-1 తరగతి మందులు. ఇవి ఆకలిని తగ్గిస్తాయి, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి, చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతాయి. 1,961 మందితో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో 68 వారాలు సెమాగ్లుటైడ్ తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం తగ్గింది. మందు లేని సూది తీసుకున్నవారిలో తగ్గుదల 2.4 శాతం. 39 అమైనో ఆమ్లాల టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో 72 వారాలకు 20.9 శాతం తగ్గించింది. మందు మానేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు సెమాగ్లుటైడ్ పరిశోధన కొనసాగింపులో తేలింది. మొదలుపెట్టే ముందే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. సాధారణ దుష్ప్రభావాలు వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం. అరుదుగా క్లోమపు వాపు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కొవ్వుతో పాటు కండ కూడా కొంత తగ్గుతుంది. భారతదేశంలోకి టిర్జెపటైడ్ 2025 మార్చిలోను, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ సూది అదే ఏడాది జూన్‌లోను వచ్చాయి. సెమాగ్లుటైడ్ మూల పేటెంటుకు ఇక్కడ 2026 మార్చి వరకే గడువు కావడంతో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న డాక్టర్ రెడ్డీస్ సహా పలు దేశీయ సంస్థలు సొంత తయారీకి సిద్ధమయ్యాయి (చూ. మధుమేహం, ఊబకాయం).

కొలాజెన్ పెప్టైడులు. పశువుల, పందుల, చేపల చర్మం, ఎముకల్లోని కొలాజెన్‌ను ఎంజైములతో చిన్న ముక్కలు చేస్తే వచ్చే పొడి ఇది. పరిశోధనల్లో రోజుకు 2.5 నుంచి 10 గ్రాముల వరకు వాడారు. చర్మపు సాగుగుణం, తేమ కొద్దిగా మెరుగుపడ్డాయని వాటిలో కొన్ని చెప్పాయి. అయితే 23 పరిశోధనలను కలిపి చూసి 2025లో ప్రచురించిన విశ్లేషణలో, తయారీ సంస్థల ధనసహాయం లేని పరిశోధనలను విడిగా తీస్తే ఆ మేలు కనిపించలేదు. ఆరోగ్యవంతులకు దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. చేపలు పడనివారు ఏ జంతువు నుంచి తీశారో చూసుకోవాలి. శాకాహారులు మాంసాహారాన్ని సూచించే గోధుమరంగు త్రిభుజం గుర్తును గమనించాలి. మొక్కల్లో కొలాజెన్ ఉండదు. శాకాహార కొలాజెన్ పేరుతో వచ్చే డబ్బాల్లో ఉండేవి సాధారణంగా విటమిన్ సి, విడి అమైనో ఆమ్లాలు.

సౌందర్య పెప్టైడులు. 1973లో లోరెన్ పికార్ట్ మనిషి రక్తంలో గుర్తించిన జీహెచ్‌కే అనే మూడు ఆమ్లాల పెప్టైడు రాగితో కలిసి నీలి రంగు సీరములుగా దొరుకుతోంది. ముడతలకు రాసేవి మరికొన్ని ఉన్నాయి. వీటి ఫలితాలు స్వల్పం, చర్మం మీద రాసినంత వరకు ప్రమాదమూ స్వల్పమే. అదే జీహెచ్‌కేను సూదిగా అమ్మితే అది వేరే కథ.

గ్లూటాథయోన్ సూదులు. తెలుగు రాష్ట్రాల నగరాల్లో రంగు తేలడానికి అంటూ సౌందర్య కేంద్రాలు నరంలోకి ఎక్కించే మందు చాలాసార్లు ఇదే. శరీరం తనకు తాను తయారుచేసుకునే మూడు ఆమ్లాల గొలుసు కావడంతో సహజమైనదన్న ప్రచారం తేలికగా నమ్మిస్తుంది. చర్మపు రంగు తగ్గించడానికి నరంలోకి ఇచ్చే గ్లూటాథయోన్‌కు సరైన పరిశోధనా బలం లేదు. చర్మం ఊడిపోయే తీవ్ర ప్రతిచర్యలు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం గురించి ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది. పెళ్లిచూపుల ముందు అమ్మాయిలకు ఈ సూదులు వేయించడం ఆపవలసిన అలవాటు.

గ్రోత్ హార్మోనును ఉసిగొల్పే పెప్టైడులు. సీజేసీ-1295, ఇపామోరెలిన్ వంటివి పీయూష గ్రంథి నుంచి గ్రోత్ హార్మోను ఎక్కువగా వెలువడేలా చేస్తాయి. ఈ కుటుంబంలో టెసామోరెలిన్‌కు 2010 నుంచి అమెరికాలో అనుమతి ఉంది, అది హెచ్‌ఐవీ రోగుల పొట్టలో పేరుకునే కొవ్వుకు మాత్రమే. కండ పెరగడానికి, వయసు మళ్లకుండా ఉండడానికి వీటిని వాడమని జిమ్ముల్లో చెప్పే మాటకు అనుమతీ లేదు, దీర్ఘకాల భద్రతా సమాచారమూ లేదు. చక్కెర పెరగడం, కాళ్లవాపు, కీళ్లనొప్పులు, చేతివేళ్ల తిమ్మిరి తెలిసిన ఇబ్బందులు. కణాల పెరుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్-1 పెరుగుతుంది కాబట్టి కాన్సరు ఉన్నవారు, గతంలో వచ్చినవారు వీటికి దూరంగా ఉండాలి.

బీపీసీ-157, టీబీ-500. గాయాలు త్వరగా మానతాయని, మోకాలి నొప్పి తగ్గుతుందని ఎక్కువ ప్రచారం పొందినవి ఇవి. బీపీసీ-157 అనేది 15 అమైనో ఆమ్లాల గొలుసు. దాని పేరులోని అక్షరాలకు శరీర రక్షక సమ్మేళనం అని అర్థం. జఠర రసంలోని ఒక ప్రోటీను భాగమని దీనిపై పనిచేసిన క్రొయేషియా శాస్త్రవేత్తలు పేర్కొన్నారు. ఎలుకల్లో స్నాయువులు, పేగుపుండ్లు మానడంపై చాలా వ్యాసాలు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం ఒకే పరిశోధక బృందానివి. మనుషుల మీద వెలువడినవి కొద్దిమందితో చేసిన చిన్న పరిశీలనలే. సరైన మోతాదు ఎంత, ఎన్నాళ్లు వాడవచ్చు, ఏ మందుతో పడదు అన్న ప్రశ్నలకు మనుషుల నుంచి వచ్చిన జవాబు లేదు. 2023లో ఎఫ్‌డీఏ దీన్ని ఫార్మసీలు సొంతంగా కలిపి ఇవ్వడంలో భద్రతాపరమైన ప్రమాదం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. టీబీ-500 అనేది థైమోసిన్ బీటా-4 అనే 43 ఆమ్లాల సహజ పెప్టైడులోని ఒక ముక్క. దీని పరిస్థితీ ఇంతే. కొత్త రక్తనాళాలు మొలవడాన్ని ప్రోత్సహించే గుణం గాయానికి మేలైతే, దాగి ఉన్న కణితికీ అదే మేలు కావచ్చునన్నది నిపుణుల ఆందోళన.

ఎలుకల్లో ఫలించినదల్లా మనుషుల్లో ఫలించదనడానికి ఏఓడీ-9604 మంచి ఉదాహరణ. గ్రోత్ హార్మోనులోని చివరి ముక్క నుంచి కొవ్వు కరిగించే మందుగా ఆస్ట్రేలియాలో రూపొందిన ఇది మనుషులపై జరిగిన పెద్ద పరీక్షలో నిలవలేదు. 2007లో తయారీ సంస్థే ఊబకాయానికి దాన్ని వదిలేసింది. అయినా కొవ్వు కరిగించే పెప్టైడుగా ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

తయారీ, శుద్ధత

పూస మీద గొలుసు కట్టే ప్రతి మెట్టులోనూ కొన్ని గొలుసుల్లో ఒక ఆమ్లం తప్పిపోతుంది. ఒక్కో మెట్టులో 99 శాతం సఫలమైనా, 30 మెట్లు దాటేసరికి సరైన గొలుసులు సుమారు 74 శాతమే మిగులుతాయి. మిగిలినవి ఒక ఆమ్లం తక్కువైనవి, రసాయనం అంటుకున్నవి. వాటిని వేరు చేయడమే తయారీలో ఖరీదైన పని. వేరు చేయకపోతే రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తించి ప్రతిదేహాలు తయారుచేయవచ్చు. అవి శరీరంలోని సహజ హార్మోను మీద కూడా తిరగబడే అవకాశం ఉంది.

ఆన్‌లైన్ అమ్మకందారులు తరచు చూపే ధ్రువపత్రంలో 99 శాతం శుద్ధత అని ఉంటుంది. పెప్టైడు భాగంలో సరైన గొలుసు ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది. వయల్‌లో సూక్ష్మజీవులు లేవని అది చెప్పదు. జ్వరం, రక్తపోటు పడిపోవడం కలిగించే బాక్టీరియా విషాలు, అంటే ఎండోటాక్సిన్లు లేవని చెప్పదు. భారలోహాల సంగతి చెప్పదు. ఆ పత్రం ఈ వయల్‌దేనా అన్నదానికీ హామీ లేదు. పరిశోధనకు మాత్రమే అన్న ముద్ర ఉంటే ఆ సరుకును మనుషుల్లోకి ఎక్కించే ఇంజెక్షన్‌గా తయారుచేయలేదని, దాని బాధ్యత తమది కాదని అమ్మేవారే రాసి ఇచ్చినట్టు.

నకిలీల సమస్య అసలు మందులకూ ఉంది. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో దొరికిన నకిలీ సెమాగ్లుటైడ్ పెన్నుల (పెన్ను ఆకారపు సూదుల) గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక జారీ చేసింది. లైసెన్సు ఉన్న మందుల షాపులో బిల్లుతో కొనడం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ సరిచూసుకోవడం ఇందుకే.

సురక్షిత వినియోగం

మొదట వైద్యుడు. థైరాయిడ్‌కు వచ్చే మెడ్యులరీ కాన్సరు తమకు గాని రక్తసంబంధీకులకు గాని ఉన్నవారికి జీఎల్‌పీ-1 మందులు ఇవ్వరు. క్లోమపు వాపు వచ్చినవారికి జాగ్రత్త అవసరం. గర్భం కోరుకునే స్త్రీలు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఇన్సులిన్ గాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, వాటి మోతాదు ముందే తగ్గించవలసి రావచ్చు. ఆపరేషను ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సూది సంగతి తప్పక చెప్పాలి. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి, ఉపవాసం ఉన్నా లోపల ఆహారం మిగిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మోతాదు నెమ్మదిగా పెంచాలి. సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాలకొకసారి పెంచుకుంటూ పోతారు. తొందరపడి ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టినవారికి వాంతులతో ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాల మీద భారం పడవచ్చు.

కొలతల గందరగోళం ఈ రంగంలో అన్నిటికన్నా తేలికగా నివారించదగిన ప్రమాదం. మిల్లీగ్రాముకు మైక్రోగ్రాములు వెయ్యి. పెన్నులో మోతాదు ముందే అమర్చి ఉంటుంది, వయల్‌లో ఉండదు. పొడిలో ఎంత నీరు కలిపారన్న దాన్ని బట్టి సిరంజి మీద అదే గీత దగ్గర మందు పరిమాణం మారిపోతుంది. ఫార్మసీలు కలిపి ఇచ్చిన సెమాగ్లుటైడ్‌ను అమెరికాలో కొందరు రోగులు ఉద్దేశించిన దానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ తీసుకుని ఆస్పత్రుల పాలయ్యారని 2024లో ఎఫ్‌డీఏ తెలిపింది. మన దగ్గర మరో చిక్కు అదనం. భారతదేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: ఎర్ర మూతతో యూ-40, నారింజ మూతతో యూ-100. మొదటిదానిలో 40 గీతలు ఒక మిల్లీలీటరు, రెండోదానిలో 100 గీతలు ఒక మిల్లీలీటరు. పది గీతల దాకా తీయమని యూ-100 లెక్కలో చెబితే అది 0.1 మిల్లీలీటరు. యూ-40తో తీస్తే 0.25 మిల్లీలీటరు, అంటే రెండున్నర రెట్లు. విదేశీ వీడియో చూసి, వీధి చివరి మందుల షాపులో దొరికిన సిరంజితో తీసుకునేవారు ఈ తేడాను గమనించే అవకాశం తక్కువ.

సూదిని ఒక్కసారే వాడాలి. సూది మార్చినా సరే, ఒకరి పెన్నును మరొకరితో పంచుకోకూడదు. రక్తం వెనక్కి పెన్నులోకి చేరగలదు, హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ అలా సోకగలవు. పొట్ట, తొడ, పైచేయి మార్చి మార్చి వేసుకోవాలి. వాడిన సూదులను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఆస్పత్రికో మందుల షాపుకో అప్పగించాలి, చెత్త ఎత్తే కార్మికుల చేతుల్లో గుచ్చుకోకూడదు.

నిల్వ. చాలా పెప్టైడు మందులను తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిన మందును కరిగించి వాడకూడదు. రోహిణి కార్తెలో మూసిన కారులో, కొరియర్ వ్యానులో ఉండిపోయిన పార్శిల్‌లోని పెప్టైడు పైకి తేటగానే కనిపించవచ్చు, లోపల గొలుసులు చెడిపోయి ఉండవచ్చు. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్‌ను నీళ్లు చిలకరించిన మట్టికుండలో చల్లగా ఉంచే పద్ధతి పనికొస్తుంది. మందు మసకబారినా, అందులో నలకలు తేలినా పారేయాలి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన లక్షణాలు: ఊపిరి అందకపోవడం, పెదవులు, గొంతు వాయడం, వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, సూది చోట ఎరుపు వ్యాపిస్తూ జ్వరం రావడం, చూపు మసకబారడం. వెళ్లేటప్పుడు వయల్, సిరంజి, డబ్బా వెంట తీసుకెళ్లాలి. డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచిన మందు పేరు చికిత్సను ఆలస్యం చేస్తుంది.

చట్టం

భారతదేశంలో మందుల తయారీ, అమ్మకం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. కొత్త మందుకు, మనుషులపై పరీక్షకు 2019 నాటి నియమాల ప్రకారం కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో అనుమతి కావాలి. కొలాజెన్ పొడి వంటివి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిధిలోనివి. ఆ సంస్థ లైసెన్సు నంబరు డబ్బా మీద ఉండడం ఆహారానికి వర్తిస్తుంది. సూదితో ఎక్కించేది ఏదీ ఆహారం కాదు. మందుల దుష్ప్రభావాలను 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగులు కూడా తెలపవచ్చు. గాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ ఆ సమాచారాన్ని క్రోడీకరిస్తుంది.

క్రీడలు

గ్రోత్ హార్మోనును ఉసిగొల్పే పెప్టైడులు, థైమోసిన్ బీటా-4 రూపాలు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో ఉన్నాయి. బీపీసీ-157 కూడా 2022 నుంచి నిషిద్ధం. మనుషుల వాడకానికి ఎక్కడా అనుమతి లేని మందులన్నీ క్రీడాకారులకు నిషిద్ధమేనన్నది ఆ జాబితాలోని మొదటి సూత్రం. ఆస్ట్రేలియాలో ఎసెండన్ ఫుట్‌బాల్ జట్టు 2012లో ఆటగాళ్లకు సూదులు వేయించిన వ్యవహారంలో, థైమోసిన్ బీటా-4 తీసుకున్నారని నిర్ధారించి అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2016 జనవరిలో 34 మందిపై రెండేళ్ల నిషేధం విధించింది. తమకు ఏం ఎక్కిస్తున్నారో తాము పూర్తిగా అడగలేదన్నది అక్కడ వారిని కాపాడలేదు. పోలీసు, సైన్యం దేహదారుఢ్య పరీక్షలకు, రాష్ట్ర స్థాయి పోటీలకు సిద్ధమయ్యే యువకులు జిమ్ములో చేతికిచ్చిన వయల్ మీది పేరును ఆ జాబితాతో పోల్చి చూసుకోవచ్చు. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది.

ఇవి కూడా చూడండి: అమైనో ఆమ్లాలు, మాంసకృత్తులు, హార్మోనులు, ఇన్సులిన్, ఊబకాయం, డోపింగ్, ఔషధ దుష్ప్రభావాల నమోదు.